మా అత్త లెక్కలో ముగ్గురు

ధర్మవరం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి పొయ్యి మీద బియ్యం పెట్టానో లేదో, మా ఆయన ఫోన్ చేసి "అమ్మ పోయింది" అన్నాడు. మంట ఆర్పేసి మళ్లీ ఆసుపత్రికి బయల్దేరాను. రెండు వారాలు కావస్తోంది. చూడవచ్చినవాళ్లంతా నిండు జీవితం గడిపింది, ఇంకేం కావాలి అంటున్నారు. నేను ఊఁ కొడుతున్నాను. మా అత్త మనసులో ఏం మోసిందో వాళ్లకేం తెలుసు?

ఆమె పుట్టిల్లు గుడిబండ వైపు, గొర్రెలు మేపే ఇల్లు. పెళ్లయి పెనుకొండ వచ్చాక కూడా పొద్దుగూకితే దొడ్డి దగ్గర నిలబడి వేళ్లు ముడుస్తూ గొర్రెలను లెక్కపెట్టేది. లెక్క తప్పితే అన్నం ముట్టేది కాదు. కొంచెం చనువొచ్చాక "నన్నూ లెక్కపెట్టుకో అత్తా" అని ఏడిపించేదాన్ని. "నువ్వు తప్పిపోయే రకం కాదులే పాపా" అనేది.

తొంభైలలో నేను హిందూపురం నుంచి ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. వాళ్లకు మా ఆయన ఒక్కడే సంతానం. నాకు మొదటి కడుపు నాలుగో నెలలో పోయింది. అంతా ఇంట్లోనే జరిగిపోయింది. ఆసుపత్రికి పోలేదు, నా రక్తం ఏ గ్రూపో చూసినవాళ్లు లేరు. అత్త పథ్యం పెట్టి, తల తుడిచి, "ఈ మాట ఎవురి దగ్గరా ఎత్తాకు పాపా. నోట్లో నానితే మళ్లా అదే వస్తాది" అంది. పుట్టింట్లో మా అమ్మదీ అదే మాట.

మరుసటేడు మళ్లీ నెల తప్పింది. హిందూపురంలో డాక్టరమ్మ దగ్గరికి అత్తే వెంట వచ్చింది. "ఇది తొలి కాన్పేనా?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్త "తొలిచూలే తల్లీ" అంది. కొత్త కోడలిని, అత్త మాటకు ఏం అడ్డు చెబుతాను? రక్తం చూశారు. నాది నెగెటివ్, మా ఆయనది పాజిటివ్. "తొలి కాన్పుకు భయం లేదు, బిడ్డ పుట్టాక ఇంజక్షన్ వేద్దాం" అంది డాక్టరమ్మ. ఆ సంతోషంలో అత్త బస్టాండులో నాకు మల్లెపూలు కొనిపెట్టింది.

ఆడపిల్ల పుట్టింది. పుట్టిన పూటే ఒళ్లంతా పసుపు పూసినట్టు పచ్చబడింది. బిడ్డ రక్తం మార్చాలి, బెంగళూరు తీసుకుపొమ్మన్నారు. నేను మంచం మీద ఉన్నాను. అత్త పిల్లను ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. బెంగళూరు చేరకముందే పాప ఆ ఒళ్లోనే పోయింది.

అత్త తిరిగొచ్చాక డాక్టరమ్మ నా మంచం దగ్గర కూర్చుని, "దీనికి ముందు ఏదైనా పోయిందా అమ్మా?" అని అడిగింది. అప్పుడు చెప్పాను. ఆమె విడమరిచి చెప్పింది. మొదట పోయిన బిడ్డకు మా ఆయన గ్రూపు వచ్చి, ఆ రక్తం నా రక్తంలో కలిసి ఉంటుందట. నా ఒళ్లు దాన్ని పరాయిదనుకుని ఎదురు తిరగడం నేర్చుకుందట. తర్వాత వచ్చిన పాప రక్తాన్ని అదే విరగ్గొట్టింది. కడుపు పోయిన వెంటనే ఇంజక్షన్ పడి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో. పోనీ నిజం చెప్పి ఉంటే, నెలనెలా పరీక్షలు చేసి కాన్పు పెద్ద ఆసుపత్రిలో పెట్టించేవాళ్లు. అత్త గోడకానుకుని అంతా విన్నది. "గొర్రె పోతే పోయిందని ఊరంతా చెప్పుకుంటాము. బిడ్డ పోతే దాచిపెడితి" అంది.

ఆమె మీద కోపం రాలేదంటే అబద్ధం. చాలా రోజులు ఆమెను వడ్డించనివ్వకుండా నా అన్నం నేనే పెట్టుకున్నాను. కానీ ఆమె నా మంచి కోరే దాచింది. కోపం పోయినా ఆ బాధ మాత్రం పోలేదు.

మూడోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ అడగకముందే, వరండాలో కూర్చున్న ఆడవాళ్లంతా వింటుండగా అత్త చెప్పేసింది. "ఇది మూడో చూలు తల్లీ. ఒకటి నాలుగో నెల్లో పాయె, ఒకటి పుట్టినాక పాయె. పోయినసారి నీకు అబద్ధం చెప్పింటి." ఇక నాకు ఆ ఇంజక్షన్ పనిచేయదట, కనిపెట్టుకుని ఉండటమేనట. పరీక్షల కోసం బెంగళూరు తిరిగాం. బాబుకు నా గ్రూపే వచ్చింది కాబట్టి నా రక్తం వాడి జోలికి పోలేదు. అదృష్టం, అంతే. ఇంకొకరిని కనే ధైర్యం మాకు లేకపోయింది.

అప్పట్నుంచి కడుపుతో ఉన్న పిల్ల కనబడితే చాలు, అత్త ఆపేసేది. "దీనికి ముందు ఏమన్నా పోయిందా పాపా? ఉంటే డాక్టరుకు చెప్పల్ల. రక్తం చూపించుకోవల్ల." ఒక సీమంతంలో గాజులు తొడుగుతూనే అడిగేసింది. ఆ ఇంటివాళ్లు మొహం మాడ్చుకున్నారు. మెల్లగా శుభకార్యాలకు ఆమెను పిలవడం మానేశారు. "నీకెందుకత్తా ఈ గోల" అని నేనూ విసుక్కునేదాన్ని. "తిడితే తిట్టనీలే. నోరు మూసుకునింది చాలు" అనేది. మనవళ్లెందరని ఎవరైనా అడిగితే ముగ్గురనేది. ఆ మాట వినబడితే మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

చివరి రోజు మధ్యాహ్నం నేను మంచం పక్కనే ఉన్నాను. అప్పటికే ఆమెకు మాట పడిపోయింది. తెలివి ఉందో లేదో చూడటానికి నర్సు వంగి, "అవ్వా, నీకు మనవళ్లు ఎంతమంది?" అని గట్టిగా అడిగింది. అత్త దుప్పట్లోంచి చెయ్యి తీసి మూడు వేళ్లు ఎత్తింది.

నర్సు తలుపు దగ్గర నిలబడ్డ మావాడిని చూసి, "ఒక్కడే కదక్కా? అవ్వకు తెలివి తప్పుతాంది" అంది.

"లేదమ్మా, సరిగ్గానే చెప్పింది. ముగ్గురు" అన్నాను. ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. నేను అనేదాకా అత్త వేళ్లు దించలేదు.