ఎర్ర చార ఒడ్డుకు తిరిగిన పూట

నీళ్లలో ఎర్ర చార కిందికి పోవడం మానేసి ఒడ్డువైపు తిరిగింది. నేను ఇసుకలో కూర్చుని, నిద్రపోతున్న బాబు ముఖానికి ఎండ తగలకుండా కొంగు పట్టుకుని ఉన్నాను. ఎదురుగా మోకాలి లోతు మూసీలో మా మామ, అంటే అమ్మ తమ్ముడు, రంగు వేసిన నూలు జాడిస్తున్నాడు. జాడించినప్పుడల్లా ఆయన కాళ్ల దగ్గర ఎర్రని చార ఒకటి బయలుదేరి ప్రవాహంతో సన్నగా సాగిపోతూ ఉంది. పొద్దుటి నుంచీ అంతే. ఇప్పుడది వంగి వచ్చి నా కాలివేళ్ల దగ్గర తడి ఇసుకలో ఆగింది. నది పొంగే ముందు చార ఇలాగే ఒడ్డుకు తిరుగుతుందని చిన్నప్పుడు అమ్మ చూపించింది.

ఆకాశంలో మబ్బు తునక లేదు. నాకు ప్రతిదానికీ భయమే కనుక ఒక్క క్షణం నన్ను నేనే నమ్మలేదు.

పిల్లలకు అమ్మమ్మ వాడ చూపించాలని ఆ రోజు బయలుదేరాం. వాళ్లెప్పుడూ అక్కడికి రాలేదు; అమ్మే అమీర్‌పేటకు వచ్చి చూసిపోయేది. దానికి కారణం నేనే. చుట్టుపక్కల ఆఫీసర్ల భార్యలకు మా పుట్టింటివాళ్లది బట్టల వ్యాపారమని చెప్పి ఊరుకున్నాను. మావారు క్యాంపుకు వెళ్లారు, పిల్లలకు సెలవు. కాలేజీలో మాకు పాఠం చెప్పిన దొరసాని తన దేశం వెళ్తూ నాకిచ్చిపోయిన సైకిలు ఉంది. ముందు వెదురు బుట్టలో నాలుగేళ్ల బాబు, వెనక క్యారియర్‌పై దుప్పటి మడత మీద ఏడేళ్ల పాప.

తొందరేమీ లేదు. పంజాగుట్ట ఎక్కుడులో దిగి తోసుకుంటూ నడిచాం. మాసాబ్ ట్యాంకు దిగుడులో రెండు బ్రేకులూ పట్టుకుని "గట్టిగ పట్టుకున్నవా?" అని పాపను ఎన్నిసార్లు అడిగానో. "పట్టుకున్ననమ్మా, నువ్వు ముందుకు చూడు" అంది చివరికి.

కార్వాన్ దాటి నది దగ్గర పడేకొద్దీ వాసనలు మారాయి. తోళ్లు పదును చేసే వాడలో పాప ముక్కు మూసుకుంది. సున్నపు బట్టీల దగ్గర మనుషులు కనురెప్పల దాకా తెల్లగా ఉన్నారు. చాకలి రేవులో బండల మీద పడే దెబ్బలను బాబు ఇరవై దాకా లెక్కపెట్టి, ఆపైన రాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. పెళ్లి చీరల నుంచి సిపాయిల నిక్కర్ల దాకా ఒకే ఇసుక మీద ఆరుతున్నాయి. పట్నం కాళ్లకు తొడిగేదీ, ఒంటికి కట్టేదీ, గోడకు పూసేదీ అంతా ఈ ఒడ్డు మీద తయారవుతున్నదే కదా అనిపించింది. పుట్టి పెరిగిన చోటే అయినా సైకిలు మీద నెమ్మదిగా వస్తే తప్ప నాకది కనిపించలేదు.

రంగులవాళ్ల రేవులో మామ నీళ్లలోంచే అరిచాడు. "వచ్చిందయ్య మన సైకిల్ దొరసాని! గంట కొట్టు పిల్లా, మూసీ జర పక్కకు జరుగుతది!"

ప్రపంచ యుద్ధం వల్ల విదేశీ రంగు డబ్బాలు రావడం ఆగిపోయింది. దాంతో మంజిష్ఠ వేళ్లు ఉడికించి ఎరుపు తీసే పాత పద్ధతి తెలిసిన మా అమ్మ కోసం మళ్లీ అందరూ వస్తున్నారు. కళ్లకు పొర కమ్మినా, వేళ్లతో నలిపి, వాసన చూసి రంగు పాకం కుదిరిందో లేదో చెబుతుంది. ఆ రోజు వాడంతా కలిసి చేసిన నూలు, పెళ్లిళ్ల చీరలకు వెళ్లవలసింది, చిలపలుగా, అంటే చుట్టలు చుట్టలుగా, ఇసుక నిండా పరిచి ఉంది. రెండు నెలల పని.

చార నా కాలివేళ్ల దగ్గర ఆగగానే బాబును ఎత్తుకుని, పాప చెయ్యి పట్టుకుని, ఇద్దరినీ గట్టెక్కించి, ఇసుకలో నూలు పక్కనున్న అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మా, నూలు ఎత్తియ్యి. నీళ్లొస్తున్నయి."

మామ నవ్వాడు. "ఎండ మండిపోతుంటే నీళ్లెక్కడియి? సగం ఆరిన నూలు కుప్పేస్తే మచ్చలు పడ్తయని మర్సినవా? కాలేజీల గిదే నేర్పిండ్రా?"

మరిచిపోలేదు. అనవసరంగా ఎత్తిస్తే ఆ నూలంతా పాడు చేసినదాన్ని నేనే అవుతాను. పైగా మా వాడలో ఒక కట్టుబాటు ఉంది. రంగు పాకం ఎవరు చెప్పారో వాళ్లు మొదటి చిలప ఎత్తితే గాని ఇంకెవరూ నూలు మీద చెయ్యి వేయరు. రేవులో పని చేస్తున్న ఇరవై మందీ అమ్మ వైపు చూస్తూ నిలబడ్డారు. అమ్మకేమో నది కనిపించదు.

"చార ఎటు పోతుంది?" అంది అమ్మ.

"ఒడ్డుకొస్తుంది. చిన్నప్పుడు నువ్వు చూపెట్టినట్టే."

"నురుగున్నదా?"

లేదు. వరదకు ముందొచ్చే నురుగు ఇంకా రాలేదు; అబద్ధం చెప్పలేకపోయాను. "లేదమ్మా."

"నురుగు సుత లేదట!" అన్నాడు మామ.

అమ్మ నా చేతిని తడిమి పట్టుకుంది. "దీనికి భయమెక్కువే," అంది తమ్ముడితో. "గని కండ్లు నా కండ్లే." వంగి, తడిమి, మొదటి చిలప ఎత్తింది.

ఇరవై మందీ ఒక్కసారిగా నూలు మీదికి వంగారు. సైకిలు హ్యాండిల్‌కు, బుట్టకు, క్యారియర్‌కు తడి నూలు వేలాడదీసి గట్టు మీదికి తోశాను. దించి మళ్లీ దిగాను. పైన రాళ్ల మీద చిలపలు ఒకదానికొకటి తగలకుండా పరచమని అమ్మ పిల్లలకు చెప్పింది. ఇద్దరూ మోచేతుల దాకా ఎర్రబడ్డారు. నాలుగోసారి ఎక్కేసరికి నురుగు వచ్చింది, దాని వెనక చెత్త, ఆ వెనక మట్టి నీళ్లు. పడమట వాగుల మీద ఎక్కడో వాన పడినట్టుంది. చివరి వరసలో నాలుగు చిలపలు కొట్టుకుపోయాయి. మిగిలినదంతా గట్టు మీద ఉంది. అంతకు ముందు బాబు పడుకున్న చోట నడుము లోతు నీళ్లు.

మామ తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "దొరసానీ, నీ కాలేజీకి ఒక దండం," అన్నాడు.

"కాలేజీ కాదు మామా, మా అమ్మ," అన్నాను. ఆ మాట పదిమందిలో గట్టిగా అనడం నాకదే మొదటిసారి.

పొద్దుగూకే వేళకు అమీర్‌పేట చేరాం. పక్కింటావిడ గేటు దగ్గరే ఆపింది. "ఏంటండీ, ముగ్గురికీ చేతులిలా ఉన్నాయి? గోరింటాకా?" నేను తడబడి, నవ్వి, లోపలికి వచ్చేశాను. ఆ తడబాటు నాకు రాత్రంతా గుచ్చుతూనే ఉంది.

తెల్లవారి బడికి వెళ్లే ముందు పాప కుంకుడు నురుగుతో చేతులు రుద్దుకుంటూ కనిపించింది. "పోతలేదమ్మా. పంతులమ్మ కోప్పడ్తది." బాబు అక్కను చూసి తనూ రుద్దుకుంటున్నాడు.

ఇద్దరి చేతులూ నీళ్లతో కడిగి నా కొంగుతో తుడిచాను. "రుద్దొద్దు," అన్నాను. "పంతులమ్మ అడిగితే మా అమ్మమ్మ రంగు అని చెప్పుండ్రి. మూసీ ఒడ్డున మా అమ్మమ్మ నూలుకు రంగులేస్తదని చెప్పుండ్రి. పక్కింటి అత్తమ్మ అడిగినా గదే చెప్పాలె. నేను సుత గదే చెప్త. ఇంకొకటి, మల్ల అమ్మమ్మ దగ్గరికి పోయినప్పుడు నేను పక్కన లేకుంటే ఇద్దరు నీళ్లల్ల కాలు పెట్టొద్దు."