ముప్పై నాలుగో కిలోమీటరు దగ్గర ఆగిన వ్యాను

ఆ దేశంలో నా చివరి రోజు ఇలా గడిచింది. తెల్లవారుజామున ఐదింటికి పరుగు మొదలైంది. పది దాటాక, ముప్పై నాలుగో కిలోమీటరు బోర్డు దగ్గర ఒక తెల్ల వ్యాను నా పక్కన ఆగింది. ఎక్కాను. తలుపు మూశారు. టైము నమోదు కావడానికి బూటుకు కట్టిన పట్టీని కత్తిరించి తీసేసుకున్నారు. నలభై రెండు కిలోమీటర్ల పరుగులో ఎనిమిది మిగిలిపోయాయి. గడువు ముగియడానికి ఇంకా రెండు గంటలపైనే ఉంది. నా వెనక ఇంకా మనుషులు పరిగెడుతూనే ఉన్నారు. సాయంత్రం రైల్లో కొలంబో చేరి, రాత్రి విమానంలో చెన్నై వచ్చేశాను. ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

విదేశంలో మారథాన్‌కు వెళ్దామనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. పోటీ నడిపిన సంస్థ పేరు, ఆ ఊరి పేరు రాయను. సంస్థ మీద నాకు గౌరవం లేదు, కానీ ఊరివాళ్ళు మంచివాళ్ళు. శ్రీలంక దక్షిణ తీరం అనుకోండి, చాలు.

అసలు ఈ ప్రయాణం నా ఆలోచన కాదు. నా భార్య పద్మది. నేను తిరువూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. గంపలగూడెం రోడ్డులో, ఇంటికి ఐదు కిలోమీటర్ల దూరంలో మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. తోట పనంతా పద్మే చూసుకునేది. మూడేళ్ళ కిందట షుగరు బయటపడినప్పుడు బండి మానేసి తోటకు నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. రెండు నెలలయ్యాక నడక చాలడం లేదని పరుగందుకుంది. చుడీదార్ మీద నా పాత చొక్కా, కాళ్ళకు బూట్లు, నలభై తొమ్మిదేళ్ళ వయసు. నేను నీళ్ళ సీసా పెట్టుకుని బండి మీద వెనకాలే వెళ్ళేవాణ్ణి. ఒకరోజు ఆగి వెనక్కి తిరిగింది. "ఊరికే పెట్రోలు దండగ. దిగి రండి" అంది. దిగాను. అలా నేనూ రన్నర్నయ్యాను.

మా రోడ్డు మీద పరిగెత్తడంలో ఒక చిక్కుంది. తెలిసిన మనిషి కాలినడకన కనబడితే బండి ఆపకుండా పోవడం మావైపు మర్యాద కాదు. ఆపాక ఎక్కకపోవడం అంతకంటే అమర్యాద. మొదటిసారి వద్దంటాం, రెండోసారి పర్వాలేదంటాం, మూడోసారి ఎక్కి కూర్చుంటాం. పాల బండి నుంచి పత్తి ట్రాక్టరు దాకా అందరూ ఆపేవారు. గంపలగూడెం షేర్ ఆటో నడిపే మస్తాన్ అయితే రోజూ ఆపేవాడు.

"ఎక్కండి మాస్టారూ, ముందు సీటు ఖాళీయే. డబ్బులడిగానా ఏంటి?"

"వద్దు మస్తాన్, పర్వాలేదు."

"అమ్మగారూ, మీరన్నా చెప్పండి. మిమ్మల్ని పరిగెత్తించి నేను ఆటోలో పోతుంటే జనం నన్నేమనుకుంటారు?"

దీనికి పద్మే ఉపాయం కనిపెట్టింది. "డాక్టరుగారు చెప్పారయ్యా" అనేది. అంతే. డాక్టరు మాటకు మా ఊళ్ళో ఎదురు లేదు.

"ఎవరండీ ఆ డాక్టరు? ఆటోవాళ్ళ పొట్ట కొట్టడానికే చదివాడా?" అని గొణుక్కుంటూ మస్తాన్ గేరు వేసేవాడు.

రెండేళ్ళు అలా సాధన చేశాం. మామూలు రోజుల్లో తోట దాకా వెళ్ళి రావడం, ఆదివారం కాస్త పెద్ద పరుగు. ఎ.కొండూరు దాకా వెళ్ళి వస్తే దాదాపు ముప్పై కిలోమీటర్లు. మేమిద్దరం కలిసి పరిగెత్తిన పెద్ద దూరం అదే. ఉప్పు, పంచదార, నిమ్మరసం కలిపిన నీళ్ళు మా మందు. పొడుల ప్యాకెట్లేవీ కొనలేదు. ఆ ధైర్యంతోనే పద్మ శ్రీలంక పోటీ ఎంచింది. సముద్రం పక్కన పరిగెత్తాలి, విమానం ఎక్కాలి, ఇవి రెండే దాని కోరికలు. మనిషికి ఐదు వేల రూపాయల చొప్పున ఇద్దరికీ కట్టాం. వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. విజయవాడ ఆసుపత్రిలో ఐదో రోజున పోయింది. దీని గురించి ఇంతకంటే రాయను.

పరుగు మానలేదు. అది చాలామందికి నచ్చలేదు. పెళ్ళాం పోయినవాడు టీవీ ముందు కూర్చుని తాగితే పాపం అంటారు. బూట్లు కట్టుకుని రోడ్డెక్కితే మతిపోయిందంటారు. పద్మ అన్నయ్య పనిగట్టుకుని ఇంటికే వచ్చాడు.

"ఏంటి బావా, ఏడాది తిరక్కుండా సముద్రం దాటతావంటగా?"

"మాసికానికీ మాసికానికీ మధ్య వెళ్ళొస్తాను. ఏదీ తప్పదు."

"ఏడాదిలోపు ప్రయాణాలు పనికిరావు."

"మీ నాన్నగారు పోయిన మూడో నెల్లో నువ్వు మిర్చి అమ్మడానికి గుంటూరు వెళ్ళలేదా?"

"గుంటూరుకి సముద్రం అడ్డం లేదు బావా!"

ఫిబ్రవరిలో బయల్దేరాను.

దారి చెబుతాను. తిరువూరు నుంచి విజయవాడకు బస్సులో రెండున్నర గంటలు, టికెట్టు నూటయాభై లోపే. అక్కడి నుంచి చెన్నైకి పగటి రైల్లో ఏడు గంటలు. ఆ రాత్రి విమానాశ్రయం దగ్గర లాడ్జిలో ఉండటం మంచిది, పన్నెండు వందల్లో గది దొరుకుతుంది. కొలంబోకు విమానం గంటన్నర. రెండు నెలల ముందే తీసుకున్నాను కాబట్టి రానూ పోనూ పద్దెనిమిది వేలలో అయిపోయింది. ప్రవేశానికి అనుమతి ముందుగానే ఆన్‌లైన్లో తీసుకోవాలి. ఆ నిబంధనలు మారుతుంటాయి, వెళ్ళేముందు చూసుకోండి. కొలంబో నుంచి దక్షిణానికి వెళ్ళే రైల్లో కుడివైపు కిటికీ పట్టుకోండి. మూడు గంటల దారిలో చాలాసేపు సముద్రం పట్టాలను ఆనుకునే ఉంటుంది. నేను కుడివైపే కూర్చున్నాను. పక్క సీటులో సంచీ పెట్టాను. ఒకాయన అడిగితే తీసేశాను.

కుసుమ అనే ఆవిడ ఇంట్లో గది. రోజుకు మన డబ్బుల్లో పదిహేను వందలు, రెండు పూటలా భోజనంతో. అన్నం, పప్పు, చేపల పులుసు, ఎండుమిరప వేసి దంచిన కొబ్బరి. మన భోజనం ఎరిగినవాళ్ళకు ఇబ్బందేమీ ఉండదు. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషులో, "కారం ఎక్కువైందా?" అని అడిగింది. "మా ఊళ్ళో దీన్ని చప్పిడి అంటారు" అన్నాను. మర్నాడు కొబ్బరి ఎర్రగా వచ్చింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగేదాకా తలుపు దగ్గరే నిలబడి చూసి, నవ్వుకుంటూ వెళ్ళింది.

పోటీకి ముందురోజు ఛాతీకి పెట్టుకునే నంబరు ఇచ్చారు. నాది తీసుకుని, పద్మది కూడా ఇమ్మన్నాను. పరిగెత్తడానికి కాదు, ఉంచుకోవడానికి. బల్ల వెనక అమ్మాయి కంప్యూటర్లో చూసింది.

"ఆవిడే స్వయంగా రావాలి సర్."

"ఆవిడ చనిపోయింది."

"అలాగైతే రావడం లేదని ఆవిడ ఈమెయిల్ పంపాలి సర్."

ఆ అమ్మాయి నవ్వుతూనే అంది. నేను చెప్పింది ఆ చెవిలోకి వెళ్ళనే లేదు. నా వెనక వరుసలో వాళ్ళు కదులుతున్నారు. వచ్చేశాను. డబ్బు కట్టిన నంబరు. పేరు అచ్చయిన గుడ్డ. ఎవరికీ పనికిరానిది, చెత్తబుట్టలోకి పోయేది. అది ఇవ్వడానికి వాళ్ళకేం పోయింది?

పరుగు సంగతి. మొదటి ఇరవై కిలోమీటర్లు చల్లగా, సముద్రం గాలితో సుఖంగా సాగాయి. ఏడు గంటలకే ఎండ చురుక్కుమంది. మా మే నెల ముందు అదేమంత లెక్కలోది కాదు. ముప్పై దాటినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాను. అక్కడి నుంచి పద్మకు తెలియని దూరం. అదంతా నేనే చూసి చెప్పాలి అనుకున్నాను. ఆ మాట మనసులో పెట్టుకునే కదిలాను. నా లెక్క స్పష్టంగా ఉంది. నడిచినా పన్నెండున్నర లోపు చేరతాను.

అప్పుడు ఆగింది వ్యాను. నడిపేది అరవై దాటిన పెద్దమనిషి. తనే దిగి, తలుపు తీసి, చెయ్యి చాపాడు. "కమ్ సర్, సిట్ సర్. వెరీ హాట్." లోపల మంచుగడ్డల్లో నీళ్ళ సీసాలు కనబడ్డాయి. వద్దన్నాను. మళ్ళీ పిలిచాడు. పర్వాలేదన్నాను. మూడోసారి రెండు చేతులూ జోడించి పిలిచాడు. ఎండలో నిలబడి అంత పెద్దాయన బతిమాలుతుంటే ఎలా? ఒక్క నిమిషం కూర్చుని, నీళ్ళు తాగి, నమస్కారం పెట్టి దిగిపోదామనుకున్నాను. ఎక్కాను. అలసినవాళ్ళను ఏరుకుపోయే బండి అదని నాకు తెలియదు. బండి మీద అలాంటి బోర్డేమీ లేదు. సీసా మూత తీసేలోపు కదిలింది. దింపమని అరిచాను. లోపలున్న కుర్రవాడు నా బూటు మీదికి వంగి పట్టీ కత్తిరించాడు.

ముగింపు గీత దగ్గర నిర్వాహకుణ్ణి పట్టుకున్నాను.

"వ్యాను ఎక్కారంటే పరుగు మానుకున్నట్టే సర్. రూల్."

"మానుకున్నానని నేను చెప్పానా?"

"ఎక్కారు కదా."

"ఎందుకు ఎక్కించారు? నా వెనక ఇంకా మనుషులున్నారు."

"మీరు బాగా అలసిపోయినట్టు కనబడ్డారట."

ముప్పై నాలుగు కిలోమీటర్లు పరిగెత్తినవాడు అలసిపోయినట్టు కాక పెళ్ళికొడుకులా కనబడతాడా? ఎక్కించుకున్న చోటే మళ్ళీ దింపమన్నాను. కుదరదన్నారు. అదే పట్టీ మళ్ళీ కట్టమన్నాను. కుదరదన్నారు. గొడవ పెద్దదవుతుందనుకున్నాడేమో, ఆ నిర్వాహకుడు అట్టపెట్టెలోంచి ఒక మెడల్ తీసి నా చేతిలో పెట్టబోయాడు. "తీసుకోండి సర్. బోలెడు మిగిలాయి. ఎవరికి తెలుస్తుంది?"

అప్పుడొచ్చింది అసలు కోపం. దింపడానికి రూలు అడ్డం. అబద్ధం మెడలో వేయడానికి ఏ రూలూ అడ్డం రాదు. మెడల్ బల్ల మీద పెట్టేసి బయటికొచ్చాను. ఆ పెద్దాయన వ్యాను పక్కనే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మళ్ళీ రెండు చేతులూ జోడించాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం నాచేత కాలేదు.

తిరువూరు బస్టాండులో దిగేసరికి మస్తాన్ ఎదురొచ్చి నా సంచీ అందుకున్నాడు. ఆటోలో కూర్చున్నాక జరిగింది చెప్పాను. బండి పక్కకు తీసి ఆపేశాడు.

"ఏంటి మాస్టారూ! మూడేళ్ళబట్టి మొత్తుకుంటుంటే నా ఆటో ఎక్కని మనిషి, ఊరుకాని ఊళ్ళో ఎవడిదో వ్యాను ఎక్కారా?"

"పెద్దాయన. దణ్ణం పెట్టి పిలిచాడు."

"నేను పిలవలేదా? దణ్ణం ఒక్కటే తక్కువా?" మళ్ళీ గేరు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "అమ్మగారైతే ఎక్కేవారు కాదు."

నిజమే. ఎక్కేది కాదు.

ఇక్కడందరూ మెడల్ ఏదని అడుగుతున్నారు. పద్మ అన్నయ్య, "చెప్పానా బావా, ఏడాది తిరక్కుండా వెళితే ఇంతే" అన్నాడు. ఏడాదికీ వ్యానుకూ ఏం సంబంధమో ఆయనే చెప్పాలి. నాకు తెలిసింది ఇది. నలభై రెండూ పరిగెత్తుతామని ఇద్దరం అనుకున్నాం. ముప్పై ఇద్దరం చూశాం, ఆపైన నాలుగు నేనొక్కణ్ణే చూశాను. మిగిలిన ఎనిమిదీ ఒక బూటు పట్టీతో పాటు కత్తిరించేశామని వాళ్ళు అనుకుంటే అనుకోనివ్వండి. దూరం వాళ్ళ సొత్తు కాదు. గడువు, పట్టీ, మెడల్, అవి వాళ్ళవి. వాళ్ళ దగ్గరే ఉంచుకోమనండి.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. అలసినవాళ్ళను తీసుకుపోయే బండి ఏ రంగులో ఉంటుందో, ఎవరి వెనక వస్తుందో ముందురోజే అడిగి తెలుసుకోండి. పరుగులో ఉండగా పక్కన ఏ బండి ఆగినా, ఎవరు ఎంత మర్యాదగా పిలిచినా, తలుపు మీద చెయ్యి కూడా వేయకండి. నీళ్ళు కావాలంటే కిందికి అందించమనండి.

రేపు తెల్లవారుజామున ఇంటి దగ్గర బయల్దేరి గంపలగూడెం రోడ్డు పడతాను. తోట దాటి ఇంకో మూడు కిలోమీటర్లు వెళితే మిగిలిన ఎనిమిదీ పూర్తవుతాయి. తోట దగ్గరికి వెళ్ళేసరికి మస్తాన్ ఆటో వస్తుంది. ఆపుతాడు, ఎక్కమంటాడు. ఈసారి దణ్ణం కూడా పెడతాడు.

డాక్టరుగారు చెప్పారయ్యా అంటాను.