గడియారం సాక్షిగా పాడిన కీర్తనలు

నిచ్చెన మీద నిలబడి ఫాదర్ గోడగడియారం తలుపు తెరిచాడు. గంట కొట్టే చిన్న సుత్తికి తోలుముక్క చుట్టి దారంతో బిగించాడు. లోలకాన్ని వేలితో ఒక్క తోపు తోసి, చెవి ఆనించి విన్నాడు. ఒక టిక్కు పొడుగ్గా, ఒకటి పొట్టిగా వస్తోంది. గడియారం ఎడమ అంచు కింద అట్టముక్క మడిచి దోపాడు. మళ్ళీ విన్నాడు. ఇప్పుడు రెండూ సమానం.

"ఒరేయ్, పాట రికార్డు చేసేటప్పుడు ఎవరైనా గడియారం ఆపుతారు. నువ్వేంట్రా, దానికి సేవలు చేస్తున్నావు?" అంది కింద నిచ్చెన పట్టుకున్న అక్క. ఊరంతా ఆయన్ని ఫాదర్‌గారూ అంటుంది. ఆవిడకి మాత్రం 'ఒరేయ్'.

"ఇవాళ అదే నా కాపలాదారు."

"అర్థమయ్యేట్టు చెప్పు. ప్రసంగాలు ఆదివారానికి దాచుకో."

ఫాదర్ స్క్రూడ్రైవర్ అంగీ జేబులో పడేసి కిందికి దిగాడు. ఆ స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఆ జేబులోనే ఉంటుంది. అందుకే ఆ గుడి విచారణ కిందికొచ్చే ఊళ్ళలో పిల్లా పెద్దా ఆయన్ని స్క్రూడ్రైవర్ ఫాదర్ అంటారు. ఎదురుగా కూడా అంటారు. ఆయన పలుకుతాడు.

ఆయన పుట్టింది సైకిల్ షాపు వెనక గదిలో. నాన్న చక్రం సరిచేసేటప్పుడు ఒక్కో ఊచనీ గోటితో మీటి, మోతను బట్టి ఎంత బిగించాలో తేల్చేవాడు. కొడుక్కి శ్రుతి అక్కడే తెలిసింది. ఫాదర్లు కాబోయేవాళ్ళు చదివే గురువిద్యాలయంలో చేరాక నాలుగు గీతల మీద రాసే పాతకాలపు స్వరాలు చూసి తోటివాళ్ళు తలలు పట్టుకుంటే, ఈయన వాటిని ఊచల్లా మీటి నేర్చుకున్నాడు. గురువయ్యాక ఏ ఊరికి వేసినా ముందు అక్కడి హార్మోనియం విప్పేవాడు, తర్వాత పాడేవాళ్ళను పోగేసేవాడు. పారేసిన యంత్రాల్లోంచి భాగాలు ఏరి రికార్డింగు పెట్టె కూడా సొంతంగా కట్టుకున్నాడు. "ఈయన పాడితే నిద్రొస్తుంది" అని గిట్టనివాళ్ళు అనేవారు. "నిద్రపోండి, మంచిదే. నిద్రలోనైనా సరైన శ్రుతి చెవిన పడుతుంది" అనేవాడు.

ఇప్పుడు గొడవంతా కీర్తనల దగ్గర వచ్చింది.

గురువులు సాయంకాల ప్రార్థనలో కీర్తనలు పాడేందుకు ఒక పద్ధతి ఉంది. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు ఎదురెదురుగా నిలబడతారు. ఒక చరణం వీళ్ళు, ఒకటి వాళ్ళు. ప్రతి చరణం రెండు ముక్కలు. మొదటి ముక్క అయ్యాక ఆగి, ఊపిరి తీసుకుని, రెండో ముక్క అందుకుంటారు. ఎంతసేపు ఆగాలో ఎక్కడా రాసి ఉండదు. ఫాదర్ నేర్చుకున్న చోట మాత్రం ఒకటే లెక్క: జట్టులో అందరికన్నా చిన్న ఊపిరి ఎవరిదో, ఆయన సిద్ధమయ్యేదాకా ఆగాలి. చేత్తో సైగ చేయకూడదు. పక్కవాడి ఊపిరి విని తెలుసుకోవాలి.

ఫాదర్‌తో కలిపి ఇక్కడ పాడే గురువులు నలుగురు. వాళ్ళలో చిన్న ఊపిరి ఆయాసం ఫాదర్‌ది. స్క్రూడ్రైవర్ ఫాదరూ ఆయనా గురువిద్యాలయంలో పక్కపక్క మంచాలవాళ్ళు. ఆయాసం ఫాదర్ ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టరు ఇక పాడొద్దన్నాడు. "ఆ డాక్టరుకి పాటంటే పడదులే" అని ఆయన పాడుతూనే ఉన్నాడు. ఎన్నాళ్ళు పాడగలడో మిగతా ముగ్గురికీ తెలుసు. అందుకే కీర్తనలన్నీ రికార్డు చేసి, బిషప్‌గారి మేత్రాసనం తరఫున రేడియో నడిపే చిన్న వయసు గురువుకి పంపారు. ఆయన్ని అందరూ రేడియో ఫాదర్ అంటారు.

రేడియోలో వచ్చినప్పుడు నలుగురూ కూర్చుని విన్నారు. ఆగినచోటల్లా కత్తిరించేశారు. ఊపిరి చప్పుళ్ళు తుడిచేశారు. మొదటి ముక్క మడమ మీద రెండో ముక్క కాలు పడుతోంది. పోలీసులు తరుముతుంటే పాడినట్టుంది. మిగతా ఇద్దరూ, పొడుగు ఫాదరూ, సగం సగం వినబడే చెవిటి ఫాదరూ, తలలు దించుకున్నారు. ఆయాసం ఫాదర్ మాత్రం చివరిదాకా విని, "బావుంది గానీ, ఇందులో నేను లేను కదరా" అన్నాడు.

స్క్రూడ్రైవర్ ఫాదర్ ఆ వెంటనే రేడియో స్టేషన్‌కి బస్సెక్కాడు.

"మౌనం వస్తే జనం రేడియో ఆగిపోయిందనుకుంటున్నారు ఫాదర్‌గారూ. వేరే స్టేషన్‌కి తిప్పేస్తున్నారు. నా బాధ ఎవరితో చెప్పుకోను?" అన్నాడు రేడియో ఫాదర్. కుర్రవాడు చెడ్డవాడు కాదు. టీ కూడా తెప్పించాడు.

"కోయకుండా వేస్తావా, వేయవా?"

"ఒక పని చేయండి. ఆయాసం ఫాదర్‌గారిని విశ్రాంతి తీసుకోమనండి. మిగతా ముగ్గురూ పాడితే అంతసేపు ఆగక్కర్లేదు."

"ఆయన్ని తీస్తే నన్నూ తీసెయ్. కావాలంటే కీర్తనల్నీ తీసెయ్, సబ్బుల ప్రకటనలు వేసుకో."

"కోపం తెచ్చుకోకండి. బిషప్‌గారు కూడా..."

"బిషప్‌గారు ఏ ఊరు పొమ్మంటే ఆ ఊరు పోయాను. ఊపిరెలా తీసుకోవాలో మాత్రం ఆయన నాకు చెప్పలేదు. మౌనం ఉండకూడదు, అంతేనా? సరే, ఉండదు. మళ్ళీ పాడి తెస్తా."

టీ తాగకుండానే లేచాడు. అదీ గడియారం కథ. టిక్కు వినిపిస్తుంటే రేడియో ఆగిందని ఎవరూ అనుకోరు. మధ్యలో ఎవరైనా కత్తెర వేస్తే టిక్కులు ఒకదాని మీద ఒకటి పడి దొంగతనం బయటపడుతుంది.

"ఓహో! నీ మొండితనానికి గోడగడియారాన్ని కూడా తోడు తెచ్చుకున్నావన్నమాట" అంది అక్క అంతా విని. అని, స్టూలు పట్టుకెళ్ళి గుమ్మం బయట వేసుకుని కూర్చుంది.

గుడి వెనక, పూజ బట్టలు పెట్టుకునే గది అది. మందపాటి గోడలు, ఎత్తైన కప్పు. బట్టల పెట్టె మీద రికార్డింగు యంత్రం. నలుగురూ ఇద్దరిద్దరుగా నిలబడ్డారు. బయట ఎవరో వచ్చినట్టున్నారు. "పాపాలు చెప్పుకోడానికొచ్చారా? ఇంకాసేపు మోయండి, మునిగిపోయేదేం లేదు" అంటోంది అక్క. చెవిటి ఫాదర్ తప్ప అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఫాదర్ మీట నొక్కాడు.

పాట సాగింది. మొదటి ముక్క. ఆగడం. గోడ మీద టిక్కు, టిక్కు. ఆయాసం ఫాదర్ ఛాతీలో ఈల వేసినట్టు ఊపిరి లోపలికి పోయేది. అది పోగానే రెండో ముక్క నాలుగు గొంతుల్లోంచీ ఒక్కసారే లేచేది. కీర్తన తర్వాత కీర్తన బాగా వచ్చాయి. చివరిది సగంలో ఉండగా ఫాదర్ ముఖం మాడిపోయింది.

గోడ మీద చప్పుడు లేదు.

అలవాటు కొద్దీ కీర్తన ముగించారు. ఫాదర్ యంత్రం ఆపి నిచ్చెనెక్కాడు. దిగేటప్పటికి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఏమైంది?" అన్నాడు పొడుగు ఫాదర్.

"కీ ఇవ్వలేదు. గడియారానికి తాళం తిప్పడం మర్చిపోయా."

అక్క గుమ్మంలోంచి తల పెట్టింది. "తోలు చుట్టావు. అట్ట దోపావు. చెవి పెట్టి ముహూర్తం చూశావు. తాళం తిప్పలేదా? మన సైకిల్ షాపులో కూడా చక్రాలన్నీ సరిచేసి గాలి కొట్టడం మర్చిపోయేవాడివి, వెధవా!"

"చివరి కీర్తన అలా ఉండనిద్దాం. ఇంతవరకు చాలు" అన్నాడు పొడుగు ఫాదర్, ఆయాసం ఫాదర్ వైపు చూస్తూ. ఆయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఉండనివ్వను. టిక్కు లేనిచోట వాళ్ళ కత్తెర పడుతుంది. కానీ వీణ్ణి..." ఫాదర్ మాట పూర్తి చేయలేదు.

"మళ్ళీ" అన్నాడు ఆయాసం ఫాదర్.

"నువ్వు నిలబడలేవురా."

"కూర్చుని పాడతా. డాక్టరు పాడొద్దన్నాడు. కూర్చోవద్దనలేదు." నవ్వబోయి దగ్గాడు. "ఊరికే చూస్తావేం? ముందు ఆ తాళం తిప్పు."

అక్క తన స్టూలు తెచ్చి ఆయనకు వేసి, గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ఫాదర్ గడియారానికి తాళం చివరిదాకా తిప్పాడు, లోలకాన్ని తోశాడు, మీట నొక్కాడు.

ఈసారి ఆగిన ప్రతిచోటా టిక్కులు పెరుగుతూ పోయాయి. ఆఖరి చరణం మొదటి ముక్క అయింది. ఆగారు. ఊపిరి రాలేదు. టిక్కు. మరో టిక్కు. పొడుగు ఫాదర్ గొంతు కదిలింది గానీ పెదవులు విప్పలేదు. చెవిటి ఫాదర్ చప్పుడు వినలేక ఆయాసం ఫాదర్ భుజాల మీదే కళ్ళు పెట్టుకున్నాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తను అందుకుంటే కీర్తన నిలబడుతుందని ఫాదర్‌కి తెలుసు. అందుకోలేదు. పళ్ళు బిగించి నిలబడ్డాడు. స్టూలు మీది భుజాలు మెల్లగా లేచాయి. చిరిగిన గుడ్డ లాగినట్టు ఊపిరి లోపలికి పోయింది. నాలుగు గొంతులూ కలిసి ఆఖరి ముక్క అందుకుని కిందికి దించాయి.

ఫాదర్ మీట ఆపాడు. "ఇప్పుడున్నానా?" అన్నాడు ఆయాసం ఫాదర్.

"గది నిండా ఉన్నావు. నోరు మూసుకుని నీళ్ళు తాగు" అంది అక్క.

మర్నాడు రేడియో ఫాదర్ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. ఆఖరి చరణం దగ్గర ఆయన చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. ఒకచోట ముక్క తీసి, అతికించి విన్నాడు. రెండు టిక్కులు గుద్దుకున్నాయి. పక్కన నిలబడ్డ ఫాదర్‌కి కూడా వినబడ్డాయి.

"టిక్కులు తుడిచేసే పద్ధతి ఉంది ఫాదర్‌గారూ."

"తుడిచి చూడు. వాటితోపాటు మా గొంతులూ ఊడొస్తాయి."

ఆయన అదీ ప్రయత్నించాడు. గొంతులు తగరపు డబ్బాలోంచి వచ్చినట్టయ్యాయి. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరంతా ఇంత మొండివాళ్ళేంటండీ?"

"మా అక్కని కలవలేదు నువ్వింకా."

"బిషప్‌గారు అడిగితే?"

"నా పేరు చెప్పు. అడ్రసు కూడా చెప్పు."

రేడియో ఫాదర్ కోసిన ముక్కను ఎక్కడిదక్కడ పెట్టేసి, ఏ మార్పూ లేని రికార్డును డిస్కుకు ఎక్కించి ఇచ్చాడు. ఫాదర్ దాని మీద నలుగురి పేర్లూ రాశాడు, ఆయాసం ఫాదర్‌ది అన్నిటికన్నా ముందు. సిరా ఆరేదాకా ఊది, డిస్కును రేడియో ఫాదర్ చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని ఆ సాయంత్రం వేయాల్సినవాటిలో అన్నిటికన్నా పైన ఉంచాడు.