గోడ తట్టి చూసిన సంబంధం

తొమ్మిదో తరగతికి తరంగాల పాఠం చెప్పేటప్పుడు నేను ప్రతి ఏడూ ఒకే సర్కస్ చేస్తాను. పదిమంది పిల్లలను భుజానికి భుజం ఆనించి వరుసగా నిలబెట్టి, ఈ చివర ఉన్నవాణ్ణి మెల్లగా తోస్తాను. ఆ తోపు ఒకరి నుంచి ఒకరికి పాకి అవతలి చివరివాణ్ణి తూలిస్తుంది. "చూశారా, ఎవరి చోట్లో వాళ్లే ఉన్నారు. దెబ్బ మాత్రం అక్కడిదాకా పోయింది. తరంగం మోసుకుపోయేది శక్తిని, సరుకును కాదు" అంటాను. వాళ్లకు తరంగం ఎంత అర్థమవుతుందో తెలియదు గానీ, తోసుకోవడానికి టీచరే పర్మిషన్ ఇచ్చిందని మాత్రం బాగా అర్థమవుతుంది. ఆ పీరియడ్ అయ్యేసరికి ఒక్కడి చొక్కాకూ గుండీలు సరిగ్గా ఉండవు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని ఒకసారి ఇదే పాఠం మా నాన్నకు చెప్పాను, మేం బాపు అంటాం. బెల్లంపల్లిలో ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పని చేసి రిటైరైన మనిషి. నా పెదవులు చూసి సగం, ఊహించి సగం గ్రహించి, "గిది చెప్పనీకి నీకు సర్కారు జీతమిస్తుందా?" అన్నాడు.

పెదవులు చూడటం ఎందుకంటే, బాపుకు చెవులు వినిపించవు. ఆయన తప్ప ఊరంతా ఒప్పుకున్న సంగతి అది. ఏదడిగినా "గదే గదా" అనేవాడు. అన్నం పెట్టమంటావా అంటే గదే గదా. కరెంటు పోయిందంటే గదే గదా. చెవి మిషన్ కొనిస్తే చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు, జేబుకు వినిపిస్తే చాలన్నట్టు.

చెవులు పోయినా తట్టే అలవాటు పోలేదు. బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పు బండను తట్టి చూస్తారు. ఒక చేత్తో కర్ర పట్టి కొట్టి, రెండో అరచేతిని ఆ బండకే ఆనిస్తారు. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిచిన బండ డొల్లగా పలుకుతుంది, అరచేతికి వణుకు తగులుతుంది. దాని కింద నిలబడకూడదు. మనిషి రిటైరైనా ఆ చెయ్యి ఇంకా డ్యూటీలోనే ఉంది. బస్టాండు స్తంభం, మంగలి షాపు గోడ, పుచ్చకాయ, ఫంక్షన్ హాలు, దేన్నీ వదిలేవాడు కాదు. చుట్టాల గృహప్రవేశాలకు ఆయన్ని తీసుకుపోవాలంటే మా అమ్మకు, మా అవ్వకు, గుండె దడదడలాడేది.

అలాంటి మనిషిని నా పెండ్లి సంబంధం మాట్లాడటానికి వెంటబెట్టుకుని పోయాం, మా తెలివి తెల్లారినట్టే ఉంది. అబ్బాయిది లక్సెట్టిపేట. కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. నెల రోజులు ఫోన్లో మాట్లాడుకున్నాం. మెత్తటి గొంతు, నా జోకులకు నవ్వేవాడు. నాకు నచ్చాడు. దాచేదేముంది, బాగా నచ్చాడు. అబ్బాయి ఇల్లు చూడటానికి పెండ్లిపిల్ల పోయే ఆనవాయితీ మాలో లేదు. అయినా అందరికంటే ముందు కారెక్కి కూర్చున్నది నేనే.

కొత్త ఇల్లు. అబ్బాయి, వాళ్ల అమ్మ, ఇద్దరే ఉంటారు. మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. చాయ్ ఆలస్యమైంది. ఏమైందో చూసి వస్తానని అబ్బాయి లోపలికి పోయాడు. ఇటు బాపు లేచి, నేను కళ్లతో ఎంత వారిస్తున్నా, గోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించాడు. అంతలో లోపల దబ్బుమని చప్పుడైంది. అబ్బాయి బయటికి వచ్చి, "బిందె జారి పడ్డది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కాసేపటికి ఆమె చాయ్ తెచ్చి ఎడమ చేత్తో అందించింది. ఇదేం మర్యాద అన్నట్టు అవ్వ మూతి ముడుచుకుంది.

బాపు కప్పు ముట్టలేదు. గోడను తన చేతికర్రతో రెండుసార్లు కొట్టి, "గోడ డొల్లగున్నది. గీ ఇంట్ల మా పిల్లనియ్య. నడువుండ్రి" అన్నాడు. అబ్బాయి మొహం కందిపోయింది. నాకైతే ఆ గోడ నిజంగానే డొల్లదై నెత్తిన కూలినా బాగుండుననిపించింది. సాయంత్రం అబ్బాయి ఫోన్ చేసి, మీ బాపును మంచి డాక్టరుకు చూపించమని అదే మెత్తటి గొంతుతో చెప్పి పెట్టేశాడు. మళ్లీ చెయ్యలేదు.

నెల రోజులు బాపుతో మాట్లాడలేదు. ఎదురుగా వస్తే మొహం తిప్పుకునేదాన్ని. పెదవులు చూడనిస్తే కదా ఆయనకు మాట తెలిసేది. చెవిటివాడితో అలగడం చాలా తేలిక, మొహం తిప్పితే చాలు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక ఆదివారం వంటింట్లో నీళ్ల బిందె నా చేతిలోంచి జారిపోయింది. బాపు హాల్లో నేల మీద, గోడకు వీపు ఆనించి, ఒక చెయ్యి కింద పెట్టి పేపరు చదువుతున్నాడు. తల తిప్పకుండానే, "బిందె వడ్డదా? నీళ్లున్నయా అండ్ల?" అన్నాడు.

పోయి ఆయన ఎదురుగా కూర్చున్నాను. "నీకెట్ల తెల్సింది?"

"నేలల అదురు వచ్చింది" అని అరచేత్తో నేలను తట్టాడు. "బిందె వడితే నేలల వస్తది. మనిషిని గోడకు నూకితే గోడల వస్తది. లక్సెట్టిపేటల గోడల వచ్చింది."

"మరి గోడ డొల్లగున్నదంటివి?"

"గోడకేమైంది, ఉక్కు లెక్క గట్టిగుండె."

ఆ ఎడమ చెయ్యి గుర్తొచ్చింది. కుడిచెయ్యి ఆమె చాయ్ ఇచ్చినంతసేపూ కొంగు కిందే ఉంది. చప్పుడు నేనూ విన్నాను, రెండు చెవులతో. స్టీలు బిందె పడితే మోగుతుంది, దొర్లుతుంది. అక్కడ వినిపించింది ఒక్క మొద్దు చప్పుడు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, బిందె అంటే బిందె అనుకుని నవ్వి కూర్చున్నాను.

"గక్కడనే గీ మాట అనకపోయినవా బాపూ?"

"అంటే మనం అటు పోంగనే గా తల్లికి ఇంకో దెబ్బ వడుతుండె. గందుకే నెపం గోడ మీద వెట్టిన."

"నాకన్న చెప్పద్దా మరి?"

బాపు పేపరు మడిచాడు. "నువ్వు నమ్ముతుంటివా బిడ్డా?"

ఎందుకు నమ్మకపోదునని గట్టిగా అనబోయాను. ఆ రోజు కారులో తిరిగి వస్తూ, ఆయన ముందు సీట్లో ఉండగా, ఎలాగూ వినిపించదన్న ధైర్యంతో నేను అవ్వతో అన్న మాట అడ్డొచ్చింది. "చెవిటోనికి చెయ్యేసి చూస్తే ఏం తెలుస్తదే? ఉత్త నాటకం" అన్నాను. కారు ముందద్దంలో నా పెదవులు ఆయనకు కనబడ్డాయో లేదో తెలియదు. అడిగే మొహం నాకు లేదు.