చక్రానికి చెవి పెట్టే బావ

మా అక్క మొగుడికి భయం. పామంటే భయం, పిడుగంటే భయం అని మనలాగా విడివిడిగా భయపడే మనిషి కాదు. ఆయనది ఒకటే భయం, నిండు భయం. తిరిగే చక్రమేదైనా ఎప్పుడో ఒకప్పుడు ఊడి తీరుతుందని. అలాంటి మనిషి బతుకుతెరువు కోసం ఏం చేస్తాడంటారా? మోటారుసైకిళ్లు బాగుచేస్తాడు.

షెడ్డు ఇంటిముందే. ఎవరు ఏ పని మీద బండి తెచ్చినా బావ ముందుగా పొడుగాటి స్క్రూడ్రైవరు అందుకుంటాడు. దాని మొన చక్రం ఇరుసుకి ఆనించి, పిడికి చెవి పెట్టి, చక్రం తిప్పి, కళ్లు మూసుకుంటాడు. నేను నర్సుని. గుండెచప్పుడు వినే డాక్టర్లను రోజూ చూస్తాను. వాళ్లలో ఒక్కరి మొహమైనా అలా పాలిపోగా చూడలేదు.

"ఏమైందండీ?" అంటాడు వచ్చినాయన.

"ఇంట్లో ఎంతమంది మీరు?"

"నలుగురం. ఎందుకండీ?"

"ఏం లేదులెండి. బండి ఇక్కడే ఉంచి నడిచి వెళ్లండి."

"అయ్యో, నేను అద్దం బిగించమని వచ్చానండీ!"

"అద్దంలో వెనకాల వచ్చేది చూసుకుంటారు, బాగానే ఉంది. ముందున్న చక్రం సంగతేమిటి? బేరింగులు అరిగిపోయాయి. ఇరుసు మీద చక్రం సాఫీగా తిరగాలంటే అవే కదా దిక్కు!"

బావ మాత్రం బండెక్కడు. ఇరవై ఏళ్లుగా ఎక్కగా చూసినవాళ్లు లేరు. బాగుచేసిన బండి ఎలా నడుస్తోందో చూడాలంటే బండిగలాయన్నే ఎక్కించి, చక్రం వైపు చెవి వంచి, పక్కనే పరుగెత్తుతాడు. ఊళ్లో ఆయన్ని "పరుగు మేస్త్రి" అంటారు. మొదటిసారి చూసినవాళ్లు మాత్రం ఎవరో అప్పులవాడు వెంటపడ్డాడనుకుంటారు.

బేరింగులు మార్చే రోజు మా అక్క ఫ్రిజ్ అక్కది కాదు. కొత్త బేరింగుల్ని రాత్రంతా ఐసులో ఉంచితే వెంట్రుకవాసి ముడుచుకుని, నాలుగు చిన్న దెబ్బలకే చక్రంలో ఒదిగి కూర్చుంటాయట. "ఓసారి ఐసుముక్కనుకుని చుట్టాలకి షర్బత్తులో వేసిచ్చానే!" అని అక్క ఇప్పటికీ తల పట్టుకుంటుంది.

ఇలా నవ్వుకుంటూ ఉండగా నా బండి ముందు చక్రం గుర్రుమనడం మొదలెట్టింది.

నేనుండేది అక్కావాళ్లింట్లోనే, పనిచేసే ఆరోగ్య కేంద్రం కొండ మీద. దారికి ఒకవైపు రాయి, ఇంకోవైపు ఏమీ లేదు. చూపు కిందికి జారితే వెనక్కి తెచ్చుకోవడమే కష్టం. ఈ సంగతి బావ చెవిన పడితే నన్ను నడిపిస్తాడని నాలుగు రోజులు వీధి మొదట్లోనే ఇంజను ఆపి, బండిని చప్పుడు కాకుండా తోసుకొచ్చాను. అయిదో రోజు గోడ అవతల అన్నం తింటున్న మనిషి కంచం ముందునించి లేచొచ్చాడు.

"ఎవరిదే ఆ చక్రం?"

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టకటకమంది.

"దీని మీద ఇవాళ కొండెక్కావా?"

"ఎక్కాను."

"దిగావా?"

"దిగకపోతే నీ ముందెలా ఉంటాను బావా!"

ఆయనకి ఆ సమాధానం చాల్లేదు. అక్కడే నేలమీద కూలబడ్డాడు.

మర్నాడు పసిపిల్లలకి టీకాల రోజు. తల్లులు ఎక్కడెక్కడినుంచో నడిచొచ్చి పదింటికల్లా కేంద్రం ముందుంటారు. ఏడింటికే పని మొదలెట్టమని బావని బతిమాలాను. చక్రం ఊడదీశాడు, పాత బేరింగులు కొట్టి తీశాడు, లోపల తుడిచాడు, మళ్లీ తుడిచాడు. రెండు బేరింగుల మధ్య వేలెడంత ఇనప గొట్టం ఒకటుంటుంది, స్పేసరంటారు. దాన్ని కిరసనాయిల్లో కడిగి, నా కళ్ల ముందు ఆడించాడు.

"చూశావా? ఇది లేకుండా బిగిస్తే రెండు బేరింగులూ ఒకదానివైపొకటి నొక్కుకుని, కాలిపోయి, చక్రం పట్టేస్తుంది. అందుకే దీన్ని బల్ల మీద పెట్టను. పోతే?" అని చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టాడు.

మొదటి బేరింగు కూర్చుంది. రెండోది ఐసులోంచి తీసి గుడ్డలో పెట్టాడో లేదో, వీధిలో పాలాయన బండి వెళ్లింది. బావ చెవులు నిక్కాయి.

"క్లిక్కుమంది! ఓ పాలాయనా! ఆగండి! ప్రాణాలు దక్కించుకోండి!" అంటూ పరుగు లంకించుకున్నాడు.

గడియారం తొమ్మిది. బేరింగు చూస్తే చెమటలు పట్టి వెచ్చబడుతోంది. నేనూ అన్నీ చూసినదాన్నే కదా! సుత్తి తీసుకుని నాలుగు దెబ్బలు వేశాను. కూర్చుంది. చక్రమెక్కించి ఇరుసు బిగించాను. కాస్త బిగుతుగా తిరిగింది. కొత్తది కదా, అంతేలే అనుకున్నాను.

"ఆయన్ని రానివ్వవే!" అంది అక్క.

"వస్తే మళ్లీ విప్పుతాడక్కా!" అని టీకాల పెట్టె వెనకాల కట్టుకుని బయల్దేరాను. బావ జేబులో ఏముందో మీకు గుర్తుండే ఉంటుంది. నాకు గుర్తు రాలేదు.

మూడో మలుపు దాకా బాగానే ఉంది. నాలుగో మలుపులో ముందునించి సన్నగా కీచుమంది. హ్యాండిలు బరువెక్కింది. మాడిన గ్రీజు వాసన వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ గొట్టం. గట్టిగా బ్రేకు వేస్తే చక్రం పట్టేస్తుందేమో, వేయకపోతే మలుపులో అంచు దాటేస్తానేమో. దేవుడా దేవుడా అనుకుంటూ కాళ్లు నేలకి రాస్తూ ఆపాను. దిగి చక్రం నడిమధ్య వేలు పెడితే చురుక్కుమంది. ఇంకో మలుపు వెళ్లి ఉంటే? కిందికి చూశాను. చూడకుండా ఉండాల్సింది. రాయి మీద కూర్చుండిపోయాను.

అంతలో కిందినుంచి ఒక మోత. ఫస్టు గేరులోనే గొంతు చించుకుంటున్న ఇంజను, ఎడతెగని హారను, ఖాళీ పాలక్యాన్ల దడదడ. మలుపు తిరిగి పాలాయన బండి కనబడింది. దాని మీద పాలాయన లేడు. మా బావ ఉన్నాడు! రోడ్డుకి నట్టనడుమ, కర్రలా బిగుసుకుపోయి, "తప్పుకోండి! తప్పుకోండి!" అని అరుస్తున్నాడు. తప్పుకోవడానికి అక్కడ నేనూ ఒక మేకా తప్ప ఎవరూ లేం.

"బావా, ఆపు!"

"ఎలా ఆపాలో మర్చిపోయానే!"

రోడ్డు పక్క మట్టిగట్టు ఆ పని చేసిపెట్టింది. పడ్డవాడు లేచి తన మోచేయి వైపు చూసుకోలేదు. నన్ను ఎగాదిగా చూశాడు.

"బతికున్నావా?"

"ఉన్నాను బావా."

"చేతులు కదుపు. కాళ్లు?"

అన్నీ కదిపి చూపించాక జేబు బొత్తాం తీయబోయాడు. వేళ్లు వణికి రాలేదు. నేనే తీశాను.

"తప్పు నాదే," అన్నాడు.

"బిగించింది నేను బావా!"

"జేబు నాది."

పాలక్యాన్లో చెయ్యి పెట్టి పనిముట్ల సంచీ, ఒక టిఫిన్ డబ్బా తీశాడు. డబ్బానిండా ఐసు, నడుమ కొత్త బేరింగుల జత.

"ఇవీ తెచ్చావా!"

"అవి కాలిపోయి ఉంటాయని భయమేసింది."

ఇంజను కింద రాయి పెట్టి చక్రం విప్పాడు. బొత్తాం కూడా తీయలేని ఆ వేళ్లు పానా పట్టుకోగానే వణకడం మానేశాయి. అరగంటలో స్పేసరు పెట్టి, బేరింగులు కూర్చోబెట్టి, చక్రాన్ని చిటికెనవేలితో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. చెవి పెట్టి విన్నాడు. మొహంలోకి రంగొచ్చింది.

"ఇంత భయం పెట్టుకుని బండి ఎలా తోలావు బావా?"

"భయమేసే తోలాను. లేకపోతే ఇంట్లోనే కూర్చునేవాణ్ని కదా!"

ఇన్నేళ్లూ ఊరితోపాటు నేనూ నవ్వాను. ఆయన దగ్గర బండి వదిలి తిట్టుకుంటూ నడిచిపోయినవాళ్లంతా క్షేమంగా ఇల్లు చేరారన్న సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. తన ప్రాణం కోసం ఆయన భయపడగా నేనెప్పుడూ చూడలేదు. ఆ భయమంతా మాకోసమే. ఏడుపొచ్చేలా ఉంటే నర్సుని కదా అని ఆయన మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టాను. నూట ముప్పైఎనిమిది.

"ఎంతుంది?"

"మామూలుగానే ఉంది బావా."

"సరే, నువ్వు పద. పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఒక్క మాట. నేను బండి తోలానని మీ అక్కకి చెప్పకు. పాపం, భయపడుతుంది."

చెప్పనని ఒట్టేశాను. చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన పాలాయన్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చి, జేబు తడుముకుని ఫ్రిజ్ తలుపు తీసిన దగ్గర్నుంచి పాలాయన్ని బండి మీదనుంచి లాగేసేదాకా అక్క కిటికీ వెనకాల నిలబడి చూసిందట. చూసిందని ఆయనకి మేమిద్దరం ఇంతవరకూ చెప్పలేదు. భయపడతాడు.