వడియాల పక్కన ఎండిన రెక్కలు

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, హన్మకొండలో మా డాబా మీద వడియాల పక్కన ఒక గ్లైడర్ రెక్కలు కూడా ఎండాయి... ఆరబెట్టింది అన్నయ్య. కాకులను తోలింది నేను.

ఆ గ్లైడర్ తయారుచేసుకునే కిట్‌ను నాన్న హైదరాబాద్‌లో ఆదివారం పాత పుస్తకాలు అమ్మే చోట కొన్నాడు. అట్టపెట్టె మూలలు నలిగి, మీద బొమ్మ వెలిసిపోయి... ఎప్పటిదో, ఏ దేశానిదో. బొమ్మలో రాకెట్ నిప్పులు కక్కుతూ పైకి పోతుంది. అంత పైకి పోయాక దాని వీపు మీదున్న గ్లైడర్ విడిపోయి, చుట్లు తిరుగుతూ మెల్లగా దిగుతుంది. పెట్టెలో అట్ట గొట్టం, బెండులా తేలికగా ఉండే చెక్క పలకలు, మడతలు పడ్డ ఇంగ్లీషు కాగితం ఉన్నాయి. ఇంజన్ మాత్రం లేదు. ఎంత వెతికినా అది హైదరాబాద్‌లో కూడా దొరకలేదు.

అన్నయ్య అప్పుడు తొమ్మిదో తరగతి. కాగితం చదివి నాకు తెలుగులో చెప్పేవాడు... సగం అందులో ఉన్నది, సగం తను కల్పించింది. చెక్క బ్లేడుతో కోయడం తన వంతు, గరుకు కాగితంతో రుద్దడం నా వంతు. ఫెవికాల్ పూశాక, తొందరగా ఆరుతుందని రెక్కలను తీసుకెళ్లి వడియాలు పెట్టిన పాత చీర మీదే ఒక మూల ఎండకు పెట్టాడు.

అమ్మ పైకొచ్చి చూసి, "వడియాలు తిప్పుమంటే తిప్పరు గానీ, గీ చెక్కలను మాత్రం గడియకోసారి తిప్పుతున్నరు" అంది.

సాయంత్రానికి ఎడమ రెక్క అప్పడంలా వంకర పోయింది. నేను ఏడుపు లంకించుకున్నాను. "గట్లనే ఉండనీయే, గాలికి మంచిగ తిరుగుతది" అన్నాడు అన్నయ్య, అదేదో తనే కావాలని చేసినట్టు.

తిరిగింది కూడా... ఇంజన్ లేదు కాబట్టి అన్నయ్య డాబా అంచున నిలబడి చేత్తోనే విసిరేవాడు. నేను కింద వీధిలో దాని వెంట పరిగెత్తేదాన్ని. అది ప్రతిసారీ ఎడమకే తిరిగి, పక్కింటి జామచెట్టు మీదుగా పోయి, మలుపులో కిరాణా కొట్టు ముందు వాలేది. కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. దాన్ని పట్టుకుని నేను వెనక్కి తిరిగితే, డాబా మీద అన్నయ్య రెండు చేతులూ ఊపుతూ కనిపించేవాడు. అంతకంటే సంతోషంగా నేను ఎప్పుడైనా ఉన్నానా అంటే చెప్పలేను.

ఇప్పుడు నేను జర్మనీలో, క్లౌస్తాల్‌లో ఉంటున్నాను. కొండల మధ్య చిన్న ఊరు. నాతో చదువుకు వచ్చినవాళ్ళంతా ఉద్యోగాలు దొరికి ఫ్రాంక్‌ఫర్ట్ అనీ మ్యూనిక్ అనీ వెళ్లిపోయారు. నాకు థీసిస్ మిగిలింది... ఇద్దరం వాడుకున్న వంటగదిలో ఇప్పుడు ఒక్కదాన్నే వండుకుంటున్నాను.

థీసిస్ ఎగ్గొట్టి నెట్‌లో ఏదో వెతుకుతుంటే ఆ పెట్టె మీది బొమ్మ కనబడింది. పాత కిట్లను పాత ప్లాన్లు చూసి మళ్ళీ అచ్చం అలాగే తయారుచేసి అమ్మేవాళ్ళు ఉన్నారట. వెంటనే తెప్పించుకున్నాను. పార్సిల్ వచ్చినప్పుడు నేను లేకపోతే కింది ఇంటావిడ తీసుకుని ఉంచింది. ఆ వారమంతా నేను ఎవరితోనైనా ఎదురుగా మాట్లాడానంటే, ఆవిడకు డాంకే అని థాంక్స్ చెప్పడమే.

కోయడం, రుద్దడం రెండూ నేనే చేశాను. జిగురు ఆరడానికి ఇక్కడ ఎండేదీ... రెక్కలను హైట్సుంగ్ మీద పెట్టాను. గోడకుండే ఈ హీటర్ మీదే సాక్సులు ఆరేస్తాం, రెక్కలకేమవుతుందిలే అనుకున్నాను. తెల్లారి చూస్తే ఎడమ రెక్క వంకర పోయింది. ఎన్నాళ్ళకో గట్టిగా నవ్వాను... ఆ నవ్వుతోనే అన్నయ్యకు వీడియో కాల్ చేశాను.

"అన్నా, చూడు... మళ్ళ గదే రెక్క, గట్లనే వంకర పోయింది."

"ఏందే అది?"

"మన గ్లైడర్. డాబా మీదికెళ్ళి విసిరేటోనివి గదా."

అన్నయ్య ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఏమో చెల్లె... నాకైతే యాదికొస్తలేదు. వడియాలు యాదికున్నయి, కాకులు యాదికున్నయి. నువ్వు వేరేటోళ్ళతోని ఆడినవేమో..."

ఆట పట్టిస్తున్నాడేమో అనుకున్నాను... కాదు. నిజంగానే గుర్తులేదు. పాపం, నేను చిన్నబుచ్చుకున్నానని కనిపెట్టి, "మంచిగ చేసినవే" అని మెచ్చుకున్నాడు కూడా.

అమ్మనడిగితే, "మీరు ఆడనిదేమున్నది బిడ్డా, అన్ని యాదికుంటయా" అంది. నాన్నను అడుగుదామంటే ఆయన లేడు. ఇల్లు మారినప్పుడు గ్లైడర్ ఎటు పోయిందో తెలియదు. ఫోటో ఒక్కటీ లేదు.

అప్పటినుంచి దిగులుగా ఉంది. ఇక్కడ ఒక్కదాన్నే ఉండడం అలవాటైంది. కానీ ఆ డాబా దగ్గర కూడా నేను ఒక్కదాన్నేనంటే తట్టుకోలేకపోతున్నాను... అప్పుడు దొరకని ఇంజన్ ఇక్కడ దుకాణంలో దొరుకుతుంది. తెచ్చి అలమరలో పెట్టాను. ఎగరేయలేదు. ఎగరేశాక ఎవరి వైపు తిరిగి చూడాలో తెలియక.

ఇప్పటి పిల్లలు ఏం చేసినా ఎవరో ఒకరి ఫోన్‌లో ఉంటుంది. మాకు పక్కనున్న మనుషుల జ్ఞాపకమే దిక్కు...

అందుకే ఇదంతా రాస్తున్నాను. అప్పట్లో హన్మకొండలో, జామచెట్టున్న ఇంటి పక్క డాబా మీద నుంచి ఒక గ్లైడర్ ఎగిరి కిరాణా కొట్టు ముందు వాలడం మీలో ఎవరైనా చూశారా? దాని రెక్కలకు మేం వేసిన రంగేమిటో నేను కావాలనే రాయలేదు... చూసినవాళ్ళు చెబుతారని.