పట్టుకు చాలని జాగ

బాపు వెల్లకిలా పడుకున్నప్పుడు బొడ్డు దగ్గర లుంగీ మడత లేచి పడుతూ ఉండేది. ఊపిరితో కాదు, అంతకంటే త్వరగా. "కడుపుల ఇంకో గుండె కొట్టుకుంటున్నట్టున్నది" అని నవ్వేవాడు. మా ఇంట్లో నాన్న బాపు, అమ్మ అవ్వ. గ్యాసేనని అవ్వ వాము నమలమనేది. నేను నిజామాబాద్‌లో సర్కారు బడిలో సైన్సు చెబుతాను. గుండె పాఠం ఏటా చెప్పే నాకూ అనుమానం రాలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలదు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ బాపు అక్కడ ఆవిరి పైపుల ఫిట్టరు. ఆ తర్వాత రుద్రూర్ దగ్గర తన తమ్ముడితో కలిసి చెరకు సాగులోకి దిగాడు. ఆ తమ్ముణ్ని నేను చిన్నబాపు అంటాను. అవ్వ బీడీలు చుట్టేది. సరిగ్గా లేవని కార్ఖానావాళ్లు పక్కకు తీసేసిన బీడీలు ఇంటికొచ్చేవి. వాటిని బాపు కాల్చేవాడు.

నడుము నొప్పి మొదలైతే కిడ్నీలో రాయేమోనని నిజామాబాద్‌లో స్కానింగ్‌కు తీసుకెళ్లాను. అంతవరకు పంటల గురించి మాట్లాడుతున్న డాక్టరు ఉన్నట్టుండి తెర మీదికి వంగాడు. ఒకే చోట మూడుసార్లు కొలిచాడు. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం బొడ్డు వెనక బుడగలా ఉబ్బిందనీ, పగిలితే మనిషి దక్కడం కష్టమనీ, వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లమనీ చెప్పాడు.

"రాయి లేదు గద సారూ?" అని అడిగాడు బాపు.

లేదన్నాడు డాక్టరు. బాపు ఆ మాటకే సంతోషపడ్డాడు.

హైదరాబాద్‌లో రక్తనాళాల డాక్టరమ్మ సీటీ స్కాన్ బొమ్మను తెర మీద అటూ ఇటూ తిప్పి చూపించింది. గదిలో బాపు, చిన్నబాపు, నేను ఉన్నాం. అవ్వ లోపలికి రానని బయటి బెంచీ మీదే కూర్చుంది.

బాగుచేయడానికి రెండు దారులున్నాయంది డాక్టరమ్మ. కడుపు కోసి, ఉబ్బిన చోట గుడ్డ గొట్టం కుట్టడం ఒకటి. గజ్జల్లోని నాళం గుండా ముడుచుకున్న గొట్టాన్ని పైకి పంపి, లోపల విప్పడం రెండోది. అప్పుడు రక్తం గొట్టంలోంచి పోతుంది, ఉబ్బు మీద ఒత్తిడి పడదు. బీడీల వల్ల బాపు ఊపిరితిత్తులు పాడై ఉన్నాయి కాబట్టి కోత తట్టుకోవడం కష్టమంది.

"కానీ గొట్టం నిలవాలంటే పైన బాగున్న నాళం కొంచెం దొరకాలి" అంది. "కిడ్నీలకు వెళ్లే నాళాల కింది నుంచి ఉబ్బు మొదలయ్యే దాకా ఉన్న ఈ ముక్కను మెడ అంటాం. మెడ పొడవుగా, నిటారుగా ఉంటే గొట్టం గట్టిగా పట్టుకుంటుంది. మీది పొట్టిది పెద్దాయనా. పైగా వంగింది."

బాపు తెరకు దగ్గరగా జరిగాడు. "అంటే మేడం, పైపును పట్టుకునే కాలర్ కూసునేతందుకు జాగ సాలదు. వంకర కాడ జాయింట్ ఏస్తే ఓ దిక్కు పట్టుకుంటది, ఇంకో దిక్కు కారుతది. గంతేనా?"

డాక్టరమ్మ బాపు వైపు తిరిగి చూసింది. "అంతే."

"జెర మీదికి జరిపి ఏస్తే?"

"కిడ్నీలకు రక్తం ఆగిపోతుంది."

కిడ్నీల నాళాల కోసం రంధ్రాలు పెట్టి, మనిషి కొలతకు చేయించే గొట్టాలు కూడా ఉంటాయట. అవి తయారై రావడానికి వారాలు పడుతుంది. ఉబ్బు అప్పటికే పెద్దది, నొప్పి కూడా మొదలైంది. అన్నాళ్లు ఆగుతుందని చెప్పలేనంది. మామూలు గొట్టమే వేస్తే ఇప్పటికి గండం గడవచ్చు, తర్వాత కారే ప్రమాదం మాత్రం మిగతావాళ్ల కంటే బాపుకు ఎక్కువ.

బయటికొచ్చి అవ్వకు అంతా చెప్పాను. నాళం సంగతి ఆమె సగమే విన్నది. బీడీల మాట వచ్చిన చోటే ఆగిపోయింది.

"నా సేతులతోని సుట్టినవే తాగిండు" అంది.

బాపు ఆమె పక్కన కూర్చున్నాడు. "నువ్వు సుట్టినవ్ గని, నా నోట్ల పెట్టినవా? తాగింది నేను. ఇంకోపారి గా మాట అనకు."

అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. బాపు నా వైపు చూసి, "బిడ్డా, కారేదైనా సరే ఏపియ్యి. కారినప్పుడు సూద్దాం" అన్నాడు.

అనుకున్నట్టే గొట్టం వేశారు. కాళ్లకు పోయే నాళాలు కూడా మెలికలు తిరిగి ఉండటంతో గొట్టం పైకి ఎక్కించడానికి చాలాసేపు పట్టిందట. అయిదో రోజుకు బాపు నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. చూడవచ్చినవాళ్లు కోత ఏదని అడిగితే, "గజ్జల కాడున్నది, సూపెట్టాల్నా?" అని నవ్వించేవాడు. బీడీ మాత్రం మళ్లీ ముట్టలేదు.

ఏడాది నిండాక తీసిన స్కాన్‌లో, పైన గొట్టానికీ నాళానికీ మధ్య సందులోంచి రక్తం మళ్లీ ఉబ్బులోకి పోతున్నట్టు తేలింది. బాపుకు ఆశ్చర్యమేమీ కలగలేదు. "వంకర కాడనే గద మేడం?" అన్నాడు. అవునంది. అక్కడ ఇంకో పొట్టి గొట్టం బిగించారు. కారడం తగ్గింది, ఆగలేదు. ఇక కడుపు కోసే మాట వస్తే బాపు వద్దన్నాడు. ఇంకో ఎనిమిది నెలలు చెరకు చూసుకున్నాడు, మా బడికి వచ్చి పిల్లలకు పంపు బాగుచేసిచ్చాడు, అవ్వను నందిపేట్‌లో ఆమె చెల్లె ఇంటికి తీసుకెళ్లి నాలుగు రోజులు ఉన్నాడు.

నేను ఊరికి పోయిన ఓ ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ నడుం పట్టుకుని కూర్చుండిపోయాడు. చిన్నబాపు జీపు తెచ్చాడు. నిజామాబాద్ చేరకముందే బాపు చెయ్యి నా చేతిలో చల్లబడింది.

దినాలు అయ్యాక డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మేం తప్పుదారి పట్టామా అని అడిగాను.

"ఆయన నాళానికి మంచి దారంటూ ఏదీ లేదమ్మా. ఉన్నవాటిలో ఒకటి పట్టాం" అంది. తర్వాత, "ఆయనకు తోడబుట్టినవాళ్లున్నారా? ఇది కుటుంబాల్లో ఉంటుంది. ఒకసారి స్కాన్ చేయించండి" అంది.

చిన్నబాపు నెల రోజులు తప్పించుకు తిరిగాడు. చివరికి అవ్వే కసిరి పంపింది. ఆయన కడుపులోనూ ఉబ్బు ఉంది, గొట్టం వేయాల్సినంత పెద్దదే. కానీ డాక్టరమ్మ తెర మీద చూపించిన మెడ పొడవుగా, బాణంలా నిటారుగా ఉంది. "ఈయనకు కావలసినంత జాగ ఉంది" అంది. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లు, ఒకే రోగం. నాకు సంతోషం కలిగింది. ఆ వెంటనే ఎవరి మీదో తెలియని కోపం కూడా వచ్చింది.

చిన్నబాపుకు గొట్టం వేసి రెండేళ్లయింది. మొన్నటి స్కాన్‌లో ఒక్క చుక్క కూడా కారలేదు, ఉబ్బు కుంచించుకుపోయింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆయన మా ఇంటికొచ్చాడు. అవ్వ ఎదురుగా కూర్చుని కాగితం అంచులు సర్దుతూ ఉన్నాడు.

"ఏమన్నరు?" అంది అవ్వ.

"మంచిగనే ఉన్నదన్నరు వదినె." తల దించుకునే చెప్పాడు. "అన్నకు లేనిది నాకున్నదట."

అవ్వ ఆయన చేతిలోంచి కాగితం తీసుకుంది. ఆమెకు చదవడం రాదు. అయినా అటూ ఇటూ తిప్పి చూసి, మడత పెట్టి ఇచ్చింది.

"సిగ్గెందుకు? నువ్వేమన్న గుంజుకున్నవా?" అని లేచింది. "కాళ్లు కడుక్కో. అన్నం పెడ్త."